‘స్వాంపు’ శబ్దమును దాని తెనుఁగు పర్యాయములును: ఒక విమర్శనము

ఆంగ్లభాషయందలి ‘స్వాంపు’ అను శబ్దమునకుఁ దెనుఁగున నిప్పుడు వాడఁబడుచున్న మాటలు ముఖ్యముగా మూఁడు: బురదనేల, ఊబి, చిత్తడినేల. వీనిలోఁ గడపటిది ‘వెట్‌లాండ్’ అను వేఱొక యాంగ్లశబ్దమునకు సైతము పర్యాయముగాఁ బ్రభుత్వపత్రములందును, పాఠశాలల భూగోళగ్రంథములందును, వార్తాపత్రికలందును స్థిరపడియున్నది. రెండు వేఱువేఱు శబ్దముల కొక్క మాట యగుట భాషలయం దపూర్వము కాదు. హరిశబ్దము సింహమునకును, గోఁతికిని, గప్పకును జెల్లుచునే యున్నది. అయినను హరిశబ్దమును విన్నవాఁడు ప్రకరణమును బట్టి యర్థమును నిర్ణయించుకొనఁగలఁడు. చిత్తడినేల విషయమున నట్లు కాదు. ఈ మాటచేఁ బ్రకరణమే చెడుచున్నది. అది యెక్కడఁ జెడుచున్నదో చూచుటకు నీరు సమృద్ధిగాఁ గల కొల్లేటి ప్రాంతముకంటె, కోనసీమకంటె, నీరు కఱవైన మార్కాపురము, గిద్దలూరు ప్రాంతమే తగిన తావు.

నల్లమలకుఁ దూర్పుననున్న యీ సీమ 1970వ సంవత్సరము వఱకుఁ గర్నూలు జిల్లాలోనిది. ఆ సంవత్సరమున నొంగోలు కేంద్రముగా నేర్పడిన క్రొత్త జిల్లాలోఁ జేర్పఁబడెను; 1972లో నా జిల్లాకుఁ బ్రకాశము పేరు వచ్చినది. పలకలరాతికిఁ బేరువడిన మార్కాపురమునఁ గాని, గిద్దలూరు, కొమరోలు, రాచర్ల, తర్లుపాడు మొదలగు తావులఁ గాని, మెట్టసేద్యమే ప్రధానము. ఇచ్చటి పాఠశాలలో భూగోళమును జెప్పు నుపాధ్యాయుఁడు చిత్తడినేల యన నేమో బాలురకుఁ జూపఁదలఁచినచో వానకురిసిన మఱునాఁటి వీథిని జూపవలసినదే. మధ్యాహ్నమగునప్పటి కదియు నెండిపోవును. కాని యీ సీమలోనే కంభముచెఱువున్నది. నల్లమలలో గుండ్లబ్రహ్మేశ్వరముకడఁ బుట్టిన గుండ్లకమ్మయు, జంపలేరును గొండల సందునఁ బాఱు చోటఁ గట్ట వేసి నిలిపిన యీ జలాశయము సుమారు 7 కిలోమీటర్ల పొడవును, సగటున 3.5 కిలోమీటర్ల వెడల్పును గలది. ఇరువదవ శతాబ్ద్యారంభపు లెక్కలలోఁ గట్ట యెత్తు 57 అడుగులనియు, నీరు వచ్చి చేరు ప్రదేశము 430 చదరపు మైళ్లనియు, నేరుగా సాగగు నేల సుమారు 10,300 ఎకరములనియు నున్నది. విజయనగర రాజపుత్రి వరదరాజమ్మ, రుచిదేవి యని నామాంతరము గలది, దీనిని గట్టించెనని ప్రసిద్ధి. 2020లో నంతర్జాతీయ నీటిపారుదల సంఘము దీనిని బ్రపంచ వారసత్వపు నీటిపారుదల కట్టడములలోఁ జేర్చినది.

ఈ చెఱువు చిత్తడినేలయా, కాదా? ఈ ప్రశ్నకుఁ గంభము రైతు నవ్వి యూరకుండును. అంతర్జాతీయపు టొడంబడిక యౌననును. భారతప్రభుత్వపు నియమములు కాదనును. ముగ్గురును వేఱువేఱు వస్తువులను మనసున నుంచుకొని యొక్క మాటను విచారించుచున్నారు. అందుచే ముందుగా నాంగ్లశబ్దముల స్వరూపమును దెలిసికొనవలసియున్నది.

స్వాంపుశబ్ద మాంగ్లమునఁ బ్రాచీనమైనది కాదు. దాని తొలి ప్రయోగము 1624లోఁ గెప్టెన్ జాన్ స్మిత్తు వర్జీనియాను గూర్చి ప్రకటించిన చరిత్రలోఁ గానవచ్చుచున్నదని నిఘంటుకారులు చెప్పుదురు. స్వదేశపుఁ దడినేలలకు ‘మార్ష్’, ‘ఫెన్’, ‘బాగ్’ అను మాటలను గలిగియుండియు, ఆంగ్లేయులు అట్లాంటిక్ సముద్రమున కావల నీట నిలిచి, చెట్లతో దట్టమైయున్న నేలను జూచినప్పు డా మాటలు చాలక వేఱొక మాటను గ్రహించిరన్నమాట. జర్మనుకుటుంబపు భాషలలో బూజును, స్పంజిని దెలుపు మాటలతో దీనికిఁ జుట్టఱికము చెప్పుదురు. త్రొక్కిన నడఁగి, విడిచిన లేచు మెత్తఁదన మిందలి మూలార్థము కావచ్చును. గమనింపఁదగినదేమనఁగా, మొదట నీ శబ్దమున నింద లేదు. నేల సారవంతమైనదే; చెట్లును బెరిఁగియున్నవి; తడి మిక్కుటమగుటచేఁ దున్నుటకు మాత్రము కాదు. ఈ తుదిమాటయే క్రమముగాఁ దక్కిన యర్థమును మ్రింగివైచినది. 1850లో నమెరికా ప్రభుత్వము స్వాంపు నేలలను దత్తద్రాష్ట్రములకు నొసఁగుచుఁ జేసిన శాసనమున, నీటిచే సేద్యమునకుఁ బనికిరాని నేల యనుటయే వాని లక్షణమైనది. వృక్షములు పోయి, సారము పోయి, పనికిరామి మిగిలెను.

నేఁటి ప్రకృతిశాస్త్రజ్ఞు లీ శబ్దములను నియతార్థములఁ జేసికొనియున్నారు. చెట్లు ప్రధానముగాఁ గలది స్వాంపు. రెల్లు, తుంగ మొదలగు తృణజాతులు ప్రధానముగాఁ గలది మార్షు. వానినీటివలననే బ్రతుకు నాఁచు క్రుళ్లి పొరలుపొరలుగాఁ బేరినది బాగు. భూమిలోని యూటవలనఁ బోషింపఁబడునది ఫెన్ను. బాగుశబ్దము గేలికుభాషలో మెత్తన యను నర్థమునుండి వచ్చినది. ఫెన్నుశబ్దమును సంస్కృత పంకశబ్దముతో నేకమూలమని కొందఱు భాషాశాస్త్రజ్ఞులు తలఁతురు. అది నిజమైనచో మార్కాపురపుఁ బండితుఁ డమరమునఁ జదివిన మాటయు, నింగ్లండు తూర్పుసీమ రైతు పలికిన మాటయు దాయాదులగుచున్నవి.

లాక్షణికార్థములు వేఱు. పడవలోని కెక్కుడు నీరు వచ్చి మునుఁగుటకును, పనిచేతఁ గాని యుత్తరములచేతఁ గాని మనుష్యుఁ డుక్కిరిబిక్కిరి యగుటకును నీ శబ్దమునే క్రియగా వాడుదురు. తెనుఁగున దీనికి ‘మునుఁగు’ ధాతువు చాలును; తడినేలతోఁ బని లేదు. 1678లో బన్యను తన ‘యాత్రికుని పురోగమనము’న నిరాశకు బురదగుంట రూపము కల్పించెను, అచ్చట వాడిన మాట స్వాంపు కాదు గాని భావమొక్కటే. అది సంసారపంకమను మాటను వాడు నాంధ్రపాఠకునకుఁ గ్రొత్తగాఁ దోఁపదు. మఱియు 2016లో నమెరికా యధ్యక్షపదవికి జరిగిన యెన్నికలలో స్వాంపును ఎండఁగట్టుద మను వాక్యము రాజధానిలోని యధికారులను, దళారులను నుద్దేశించిన నినాదమైనది. దోమలను బోఁగొట్టుటకుఁ దడినేలలను ఎండఁగట్టుట యా వాక్యమునకు మూలమైన చిత్రము. ఈ వాక్యమును దెనిఁగించువాఁడు చిత్తడినేలను ఎండఁగట్టుట యని వ్రాసినచో, చదువరికి సేద్యపుఁబని తోఁచును గాని రాజనీతి తోఁపదు. తెనుఁగున నిట్టి చోట రొంపి యను మాట సిద్ధముగా నున్నది. ‘ఆ రొంపిలోనికి దిగకు’మని పెద్దలు పిల్లలకుఁ జెప్పుదురు. ప్రాఁతమాట చేతఁ బెట్టుకొని క్రొత్తమాటకై వెదకుట భాషాంతరీకర్తలకు వ్యసనమైనది.

అయినను స్వాంపునకు నిందయే శాశ్వతమని తలఁపరాదు. వర్జీనియా, ఉత్తర కరొలైనా రాష్ట్రముల నడుమనున్న ‘డిస్మల్ స్వాంపు’ను ఎండఁగట్టి లాభమును బొందవలెనని 1763లో నేర్పడిన సంఘమున జార్జి వాషింగ్టను సభ్యుఁడు. ఆ స్వాంపే దాస్యమునుండి పాఱిపోయిన నీగ్రోలకు దుర్గమైనది. 1856లో హారియెట్ బీచర్ స్టౌ యాశ్రయస్థానముగానే దానిని దన నవలలో వర్ణించెను. ఒకనికిఁ బనికిరాని నేల మఱియొకనికిఁ బ్రాణమును నిలిపిన నేల. ఇట్టి గ్రంథమును దెనిఁగించునప్పుడు ‘ఊబి’ యన్నచోఁ గథయే తలక్రిందగును. ఊబి మనుష్యుని మ్రింగునది, దాఁచునది కాదు.

ఇఁక వెట్‌లాండు శబ్దము. ఇది వ్యవహారమునఁ బుట్టి శాసనమున స్థిరపడిన పారిభాషికము. 1971లో నిరానుదేశపు రామ్‌సారు పట్టణమునఁ గుదిరిన యొడంబడికయం దిది విపులముగా నిర్వచింపఁబడినది. ఆ నిర్వచనమున నీరు నిలిచియున్నను, బాఱుచున్నను, నిత్యమైనను, గొంతకాలమే యున్నను, మంచినీరైనను, నుప్పునీరైనను, ప్రకృతిచేఁ గలిగినదైనను, మనుష్యులు చేసినదైనను భేదము లేదు. సముద్రతీరమునఁ బోటు తీసినప్పు డాఱు మీటర్లకు మించని లోఁతుగల నీరు సైత మిందులోనిదే. భారతదేశము 1982లో నీ యొడంబడికయందుఁ జేరినది. 2002లోఁ గొల్లే ఱీ పట్టిక కెక్కినది. కాఁబట్టి స్వాంపు వెట్‌లాండులలో నొక జాతి మాత్రమే. వృక్షమునకును మఱ్ఱికిని గల సంబంధమే వీనికిఁ గలదు. సామాన్యమునకును విశేషమునకును నొక్క పేరు పెట్టిన శాస్త్రమునఁ గోవెలకుఁ బోవు త్రోవ చెప్పుమనిన ‘ఊరు’ అని చూపినట్లుండును.

తెనుఁగుమాటలను బరికింపవలెను. అడుసు, బురద, రొంపి, చిత్తడి, జౌకు, ఊబి యను నివి యొక్కటి కావని గ్రామమునఁ బెరిఁగిన బాలుఁడు సైత మెఱుఁగును. త్రొక్కి మెత్తఁజేసినను, త్రొక్కకయే మెత్తఁబడినను అడుసు. కాలికిఁ బట్టునది బురద. త్రోవలోఁ బేరి యడ్డగించునది రొంపి. నీరు పైకిఁ గనఁబడకయే తేమ వదలనిది జౌకు. దిగినవానిని వదలనిది యూబి. అప్పు లూబి యగుటయు నిందుచేతనే. మఱి చిత్తడి? ‘చెమటచేఁ జిత్తడి యయ్యె’ నందురు. వానకు వాకిలి చిత్తడి యయ్యె నందురు. తడి యను మాట యిందుఁ జెవికిఁ దగులుచునే యున్నది. అనఁగాఁ జిత్తడి యొక స్థితి. నేఁడు కలిగి ఱేపు పోవునది. వైయాకరణులు చెప్పునట్లు గుణవాచకము గాని దేశవాచకము కాదు. దానికి నేల యను మాటను జేర్చి చేసిన సమాసమున, నేల విశేష్యమును, చిత్తడి విశేషణమును నగుచున్నవి. విశేషణము పోయినప్పుడు సమాసార్థమును బోవును. నల్లగుఱ్ఱమునకుఁ దెల్లరంగు పూసినప్పు డది నల్లగుఱ్ఱము కాదు గదా.

దేశవాచకము లాంధ్రమున లేవా? ఉన్నవి. గోదావరి ముఖమునఁ గోరంగి ప్రాంతమున నుప్పునీటిలోఁ బెరుఁగు చెట్లుగల తావులు మడయడవులు. శాస్త్రజ్ఞుల స్వాంపునకు సరియైన యర్థము నిచ్చు తెనుఁగుమాట యిదియే యని నిస్సంశయముగాఁ జెప్పవచ్చును. నిఘంటువులలో స్వాంపు ప్రక్క దీనిని జేర్పకపోవుట చింతింపఁదగినది. తూర్పుతీరమునఁ బఱ్ఱ యను మాట వినఁబడును. శ్రీకాకుళపు సోంపేట ప్రాంతమున బీల యందురు. ఇవి స్థితిని గాక చోటును జెప్పు మాటలు. వాన లేని నెలలో బీల బీలయే.

సంస్కృతమున నీ భేదము మఱింత స్పష్టము. అమరసింహుఁడు పంక, కర్దమ, జంబాలాదులను వారివర్గమునఁ జెప్పి, అనూపమును, గచ్ఛమును భూమివర్గమున వేఱుగాఁ జెప్పెను. మొదటివి పదార్థములు, రెండవవి ప్రదేశములు. బురద నీటిలోనిది, అనూపము భూమిలోనిది యని యా కోశకర్త విభాగమే బోధించుచున్నది. పాణిని యింకను ముందునకుఁ బోయెను. నడ, శాద శబ్దములపైఁ బ్రత్యేకప్రత్యయమును విధించి నడ్వల, శాద్వల శబ్దములను సాధించెను. నడమనఁగా రెల్లుజాతి, అది మెండుగాఁ గల తావు నడ్వలము. ఆంగ్లేయులు మార్షున కిచ్చిన శాస్త్రార్థ మిదియే. కుముదములు మెండుగాఁ గలది కుముద్వంతము, వేతసములు మెండుగాఁ గలది వేతస్వంతము. తడినేలలను వానిలోఁ బెరుఁగు మొక్కలచే విభజించుట యిటీవలి శాస్త్రజ్ఞుల పద్ధతి యనుకొనువారు తద్ధితప్రకరణమును మఱియొకసారి చూడవలెను.

అనూపశబ్ద మన్నిటికంటె విచార్యము. అను పూర్వకమైన అప్ శబ్దమునుండి యిది సిద్ధించినది. సామాన్యముగాఁ గొన్ని పూర్వపదములపై అప్ శబ్దమందలి యకారమునకు ఈకారము వచ్చును. ద్వీపము, సమీపము, అంతరీపము నట్టివి. కాని అను శబ్దముపై దేశము చెప్పఁబడినప్పుడు మాత్రము ఊకారమును బాణిని విధించెను. ఆఱవ యధ్యాయము మూఁడవ పాదములోని యా సూత్రమున దేశపదము నియమార్థము. నీటి ననుసరించియున్నది యను నర్థము మాత్రమే చెప్పవలసినచో నీ రూపము రాదు. ఆ నీటివలనఁ దన పేరును బొందిన చోటును జెప్పినప్పుడే వచ్చును. తడిసియుండుట వేఱు, తడిచోటగుట వేఱు అను భేద మీ శబ్దమున వర్ణముననే కానవచ్చుచున్నది. చిత్తడినేల యను సమాసమునఁ గొఱవడినది సరిగా నిదియే.

చరక సుశ్రుతులును భూమిని జాంగలము, అనూపము, సాధారణము అని మువ్విధములఁ జేసిరి. నీరు తక్కువై, గాలి యెక్కువై, చెట్లు పలుచనైనది జాంగలము. మార్కాపురము, గిద్దలూరు సీమల బయళ్లకు దీనికంటె యుక్తమైన పేరుండదు. విచిత్రమేమనఁగా నీ జంగలశబ్దమే హిందీ ద్వారమున నాంగ్లమునఁ బ్రవేశించి దట్టమై తడిసిన యడవికిఁ బేరయ్యెను. ఎండునేలను జెప్పిన మాట తడియడవిని జెప్పుచున్నది. మాట దేశాంతరము పోయినప్పు డర్థము త్రోవలో జాఱిపోవు ననుటకు దీనికంటె నిదర్శనము వలదు. ఇఁకఁ గంభముచెఱువో, జాంగలదేశమున మనుష్యులు కట్ట వేసి కల్పించుకొనిన యనూపము.

ఇచ్చట నొక హెచ్చరిక యావశ్యకము. జంపలేరు పేరును జూచి జంబాలశబ్దమునుండి వచ్చెనని చెప్పుటకుఁ గొందఱికి నాలుక యుబలాటపడును. శ్రుతిసామ్యము తప్ప నందుఁ బ్రమాణ మేమియు లేదు. నీటి పేరులన్నియు బురదనుండి పుట్టవు.

కంభముచెఱువును జిత్తడినేల యనుటలోని దోషమును దెలుపుటకు శాస్త్రములందుఁ బ్రసిద్ధమైన కాకి దృష్టాంతమును గైకొనవచ్చును. ‘దేవదత్తుని యిల్లేది?’ యని యడిగిన, ‘కాకి వ్రాలియున్నదే, అది’ యని చూపుదురు. కాకి యెగిరిపోయినను దేవదత్తుని యిల్లు దేవదత్తునిదే. కాకి యా యింటికి విశేషణము కాదు, ఉపలక్షణము. కఱవు సంవత్సరమున నల్లమలలో వానలు తప్పినప్పుడు కంభముచెఱువు లోపలిభాగము బయటఁ బడి నెఱ్ఱెలు వాఱును. అప్పుడది చిత్తడి కాదు, చిత్తడినేలయు ననరాదు. కాని చెఱువు కాదా? తూములున్నవి, అలుఁగున్నది, కట్ట యున్నది, క్రింద నాయకట్టున్నది. నీరను కాకి యెగిరిపోయినది గాని యిల్లు నిలిచియున్నది. రామ్‌సారు నిర్వచనమునఁ గొంతకాలమే యుండు నీటిని సైతము పేర్కొనుటలోని తాత్పర్య మిదియే: నీరక్కడ నుపలక్షణము. తెనుఁగుమాట దానిని విశేషణముగా మార్చివైచినది. దీని ఫలము వట్టి వ్యాకరణఫలము కాదు. ఎండిన చెఱువు చిత్తడినేల కాదుగదా యని చెప్పి దానిలో నిండ్లు కట్టువాని కీ మాటయే సాక్ష్యము పలుకును.

వానలు కురిసి చెఱువు నిండినప్పుడును దోషము తొలఁగదు. కొల్లేటి నడుమఁ బడవపైఁ బోవువానికిఁ గాని, కంభముచెఱువు నిండియున్నప్పుడు కట్టపై నిలిచి చూచువానికిఁ గాని కనఁబడునది నీరు. అచ్చటఁ జిత్తడియు లేదు, నేలయు లేదు.

మఱియొక విషయము. గిద్దలూరునకు దక్షిణమునఁ బోరుమామిళ్లలో బుక్కరాయల కుమారుఁడైన భాస్కరుఁ డనంతరాజసాగరమను చెఱువును ద్రవ్వించి 1369లో సంస్కృతశాసనమును వేయించెను. కంభముచెఱువుతోపాటు 2020లో వారసత్వపుఁ బట్టిక కెక్కినవానిలో నిదియు నొకటి. చెఱువునకు వలయు సాధనములు పండ్రెండును, దోషములు ఆఱును నా శాసనమునఁ జెప్పఁబడినవి. దోషములలోఁ గట్టనుండి నీ రూరుట యొకటి, చవుటినేల యొకటి, నీరు స్వల్పమై నేల విస్తారమగుట యొకటి, నేల స్వల్పమై నీ రధికమగుట యొకటి. కట్ట యూరినచో దిగువ నేల జౌకై, పంట చెడును. లోకులు చిత్తడి యనునది యదియే. కాఁగా నీ సీమవారి ప్రాచీనశాస్త్రమునఁ జిత్తడి చెఱువునకు దోషము. చెఱువునకే యా పేరు పెట్టుట యన, రోగము పేరును వైద్యునకుఁ బెట్టుట.

పూర్వపక్షి యిట్లనవచ్చును: పంకజమనఁగాఁ బంకమునఁ బుట్టినదెల్లఁ గాదు, తామర యొక్కటియే, యోగరూఢిచే నట్లైనది. అట్లే చిత్తడినేలయు రూఢిచే జలప్రదేశముల కన్నిటికిఁ బేరగుఁగాక. లోకము వాడుచుండఁగా వ్యుత్పత్తిని దెచ్చి యేల పీడింపవలె? ఈ వాదమున బలము లేకపోలేదు. రూఢి యోగమును జయించుట వైయాకరణులకు సమ్మతమే. కాని యోగరూఢి యర్థమును సంకోచింపఁజేయును గాని యవయవార్థమును విడువదు. తామర పంకమునఁ బుట్టుచునే యున్నది. చిత్తడినేల యన్నచో నిండుచెఱువును, బాఱు వాఁగును, ఆఱు మీటర్ల సముద్రమును గ్రహింపవలసివచ్చుచున్నది. అవయవార్థ మెక్కడను నిలువదు. ఇది యోగరూఢి కాదు. మెత్తఁగాఁ జెప్పినచో లక్షణ, నిజముగాఁ జెప్పినచో భాషాంతరీకర్త తొందరపాటు. పైఁగా రూఢి యన లోకప్రసిద్ధి గదా? మార్కాపురపు సంతలో నీ మాట కీ యర్థము చెప్పువాఁ డొక్కఁడును దొరకఁడు. కాగితములం దున్నది రూఢి కాదు, వాడుక మాత్రమే.

మాట తప్పినచో నేమి పోవునో సోంపేట బీల చూపినది. అచ్చట విద్యుత్కేంద్రమునకుఁ గేటాయించిన తావు బీడా, బీలయా యను వివాదమునఁ బ్రజ లుద్యమించిరి. 2010 జూలై 14వ తేదిని బోలీసు కాల్పులలోఁ బ్రాణములు పోయినవి. ఆ దినముననే జాతీయ పర్యావరణ అప్పీళ్ల యధికారసంస్థ యా కేంద్రమునకీయఁబడిన యనుమతిని రద్దుచేసెను. ఆ గ్రామవాసులు చిత్తడినేల యను మాట నెఱుఁగకున్నను బీల యను మాట నెఱుఁగుదురు. దానిలో వారి చేఁపలు, గడ్డి, తడిపంట యన్నియు నిమిడియున్నవి.

2017లో భారతప్రభుత్వము వెట్‌లాండులను గూర్చి చేసిన నియమములలో నదీప్రవాహమార్గములను, వరిపొలములను, త్రాగునీటికై మనుష్యులు ప్రత్యేకముగా నిర్మించిన జలాశయములను, చేఁపలపెంపకము, ఉప్పుతీఁత, విహారము, నీటిపారుదల యను వానికై ప్రత్యేకముగాఁ గట్టిన కట్టడములను లక్షణమునుండి తొలఁగించిరి. ఈ వాక్యమును యథాశ్రుతముగాఁ బట్టినచో సేద్యమునకై కట్టిన కంభముచెఱువు లక్షణమునకు వెలియగును. ఒడంబడిక యౌనన్నదానిని నియమము కాదన్నది. ఈ తొలఁగింపు యుక్తమో కాదో శాసనకర్తలు విచారింతురు గాక. కాని తెనుఁగున దీనిని జదివిన పశ్చిమప్రాంతపు రైతు, ‘చిత్తడినేలలలో నీటిపారుదల కట్టడములు చేరవు’ అను వాక్యమును విని, చెఱువు చిత్తడి కాదన్నారు, నిజమే గదా యని యూరకుండును. తనకు సంబంధించిన నిషేధమో, యనుగ్రహమో యాతని చెవిని సోఁకనే సోఁకదు.

అనూపశబ్దమును దెచ్చినచో నీ చిక్కు వీడునా? సంపూర్ణముగా వీడదు. అది పండితులకుఁ దెలిసిన మాటయే కాని పొలమునఁ దెలిసినది కాదు. వైద్యగ్రంథములలో నది కఫరోగములకుఁ బుట్టినిల్లను నింద యొకటి కలదు. కచ్ఛశబ్దము పడమటిదేశపుఁ బేరై పోయినది. జలభూమి యని కొందఱు కల్పింపఁజూతురు. అది వెట్‌లాండు ననుసరించి పోసిన పోఁత తప్ప వేఱు కాదు. వీనిలో నన్నిటికంటె దోషము తక్కువయైనది యనూపమే. రైతునకు సామాన్యవాచకముతోఁ బని లేదు. ఆతనికిఁ జెఱువు, కుంట, మడుగు, వాఁగు వేఱువేఱుగాఁ దెలియును. పుల్లలచెఱువు మొదలగు గ్రామనామములే యందులకు సాక్షులు. సామాన్యవాచకము వలయునది శాసనమునకు. శాసనమున కది సంస్కృతమునుండి రావచ్చును. విశేషవాచకములు మాత్రము తెనుఁగునుండియే రావలెను. స్వాంపునకు వృక్షములుగల తావైనచో మడ, రాజనీతిలో రొంపి, మ్రింగునదైనచో నూబి, పడవ విషయమున మునుఁగుట. ఇట్లు నిఘంటువున నాలుగు మాటలు విడివిడిగా వ్రాయుటకు స్థలము చాలదని యెవరును జెప్పఁజాలరు.

ఆ నియమముల తెనుఁగును మరల సవరించునప్పుడు, మొదటి వాక్యము ‘అనూపప్రదేశములనఁగాఁ జెఱువులు, కుంటలు, మడుగులు, మడలు, బీలలు, పఱ్ఱలు మొదలగునవి’ యని మొదలిడి, తొలఁగింపులను బిదప నట్లే తెనుఁగుపేరులతోఁ జెప్పవచ్చును. ఆ వాక్యమునఁ జెఱువను మాట కనఁబడినచోఁ గంభమువాఁడు తన చెఱువు లోపల నున్నదో వెలుపల నున్నదో యడుగఁగలఁడు.